రెండిళ్ళ చార

సెందాయ్
1957 ఏప్రిల్ 28

అక్కకి,

మిసావో రాస్తున్నది. క్షేమంగా చేరాను. హాస్టలు గదిలోకి పరుపు కన్నా, పుస్తకాల కన్నా ముందు ఒమోతో మొక్క కుండీనే తీసుకెళ్ళాను. కొత్తగా చేరిన ఇంట్లో మొదట గడప దాటాల్సింది అదే కదా. వార్డెనమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "పిల్లా, నువ్వు చదువుకి వచ్చావా, కాపురానికి వచ్చావా?" అంది. నా గదిలోనే ఉండే హత్సుయె అనే అమ్మాయి నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది. నేను మాత్రం నాన్న చెప్పినట్టే తూర్పు కిటికీ కింద కుండీ పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు మూటలు విప్పాను.

రైల్లో దారి పొడుగునా అది నా ఒళ్ళోనే ఉంది. ఎదురుగా కూర్చున్న తాత ఒకాయన ఆ మందపాటి ఆకుల్ని తదేకంగా చూసి, "ఆ తెల్ల చారలు నువ్వు గీసినవా?" అని అడిగాడు. "కాదు తాతా, వాటితోనే పుట్టింది" అన్నాను. నమ్మలేదు. గోటితో గీకబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

నాన్న దాన్ని కత్తితో రెండుగా చీల్చినప్పుడు ఊపిరి బిగబట్టాడు, గమనించావా? ఒకటి నీకు, ఒకటి నాకు. రెండు వేర్వేరు ఇళ్ళలో, వేర్వేరు చేతుల కింద పెరిగి కూడా చార ఒకేలా ఉంటేనే అది మొక్క సొంత గుణమని ఒమోతో పెంపకందార్ల సంఘం పెద్దలు ఒప్పుకుంటారు. లేకపోతే, "అది మీ ఊరి నీళ్ళ మహిమ" అని కొట్టిపారేస్తారు. నవంబరు ప్రదర్శనలో నీ కుండీ, నా కుండీ పక్కపక్కన నిలబడాలి. అప్పుడే కొత్త రకంగా దానికి పేరు రాస్తారు. నా వంతు నేను నిలబెడతాను, చూస్తూండు.

నాన్న ఏ పేరు అనుకున్నాడో నీకేమైనా చెప్పాడా? ఇక్కడి గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు ఉంది. ఒక్క తెలుపుకే ఎన్ని మాటలున్నాయో! కడిగిన బియ్యం తెలుపు, ముల్లంగి కోసిన చోటి తెలుపు, మంచు పడబోయే ముందు ఆకాశం తెలుపు. రోజుకో మాట నేర్చుకుంటున్నాను.

బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి,
మిసావో

మికావా
మే 19

మిసావో,

నీ ఉత్తరం అందింది. బావ చదివి, "మామయ్య ఇంట్లో ఆకుల పిచ్చి, చెల్లెలికి మాటల పిచ్చి, మనకి మిగిలింది అంట్లు" అన్నాడు. ఆయన అంట్లు తోమిన రోజు ఎప్పుడో నాకు గుర్తులేదు.

నీకు నిజం రాయాలి. పట్నం డాక్టరు నాన్న కడుపు కోసి చూసి, ఏమీ చెయ్యకుండా మళ్ళీ కుట్టేశాడు. బావని పక్కకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండి, ఏది ఇష్టమైతే అది పెట్టండి" అన్నాడట. నాన్నకి పుండు అని చెప్పాం. నవంబరు చూస్తాడో లేదో తెలియదు. నువ్వు పరుగెత్తుకు రాకు. వేళకాని వేళ నువ్వు గుమ్మంలో కనబడితే ఆయనకి అంతా తెలిసిపోతుంది. పైగా నీ కుండీ వేరే ఇంట్లో పెరగాలి కదా. ఆయన దానికోసమే అన్నం ముద్ద మింగుతున్నాడు. పొద్దున్న లేస్తూనే అడిగేది అదే: "మిసావో దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?"

పేరు ఏమిటని అడిగాను. "రెండూ పక్కపక్కన నిలబడ్డాక చెప్తాలే, ముందే నోరు జారితే మొక్క సిగ్గుపడుతుంది" అన్నాడు.

నీకు చెప్పమన్నది ఒకటుంది. పచ్చది వస్తే మొదట్లోనే కోసెయ్యమన్నాడు. పచ్చది బలంగా ఎదిగి చారల దాన్ని మింగేస్తుందట. నా కుండీలో పక్క నుంచి ఒక పిలక వచ్చింది, నిలువెల్లా పచ్చగా. కోసేశాను.

మన మొక్క బాగా ఎదుగుతోంది.

నుయి

సెందాయ్
జూలై 7

అక్కా,

నాన్న సంగతి చదివాక చాలా రోజులు నీకు ఏమి రాయాలో తెలియలేదు. తరగతిలో కూర్చుంటాను, టీచరు పెదవులు కదులుతుంటాయి, ఏదీ చెవికెక్కదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఈ కుండీ ఒక్కటే. దానికి పొద్దుటెండ చూపిస్తాను, మధ్యాహ్నానికి నీడలోకి లాగుతాను. హత్సుయె, "పసిబిడ్డ తల్లి నీకన్నా నయం" అంటుంది.

నీది బాగా ఎదుగుతోందని రాశావు. నాది నీ అంత బలంగా లేదు. కానీ అక్కా, దాని రంగు చూడాలి! కొత్తగా మొవ్వులోంచి వచ్చిన ఆకులో సగానికి పైగా తెలుపే. దాని తరవాతి ఆకు ఇంకా తెలుపు, అంచున మాత్రం ఒక దారం పచ్చ. పొద్దున్న వెలుతురు దాని వెనక నుంచి పడితే, లోపల ఎవరో చిన్న దీపం పెట్టుకుని కూర్చున్నట్టుంటుంది. కాగితం తెలుపు కాదు, పాల తెలుపు కాదు. నీళ్ళలోంచి అప్పుడే తీసిన సోయా పెరుగు ముక్క వణుకుతూ అరచేతిలో ఉంటుందే, అలాంటి తెలుపు. నాన్నకి ఇది చదివి వినిపించు.

పచ్చది కోసెయ్యమన్నాడని రాశావు కదా. నాకు పిలక రాలేదు గాని, బయటి వరసలో పాత ఆకులు మూడు దాదాపు పచ్చగా ఉండేవి. వాటివల్ల కుండీ మొహం మాసినట్టు కనిపించేది. ప్రదర్శనకి ముందు నాన్న పాత ఆకులు తీసి శుభ్రం చెయ్యడం చిన్నప్పటినుంచీ చూశాం కదా. కత్తెర వేడినీళ్ళలో ముంచి, మూడూ మొదలంటా తీసేశాను. ఇప్పుడు కుండీ ఎంత తేటగా ఉందో!

మిసావో

మికావా
జూలై 30

మిసావో,

నీ ఉత్తరం నాన్నకి చదివాను. ఆ వెలుతురు ముక్క, సోయా పెరుగు ముక్క వినగానే చెయ్యెత్తి ఆపాడు. "చాలు. ఇంక చదవకు. రేపు మళ్ళీ మొదట్నుంచి విందాం" అన్నాడు. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. అక్కడి దాకానే. మిగతాది నేనొక్కదాన్నే చదువుకున్నాను. ఉత్తరం ఆయన దిండు కింద ఉంది.

నాకు కుళ్ళుగా ఉంది. దాచుకోవడం ఎందుకు? బాగా ఎదుగుతోందని నేను రాసింది గొప్పకి కాదే. చెప్పడానికి అంతకన్నా ఏమీ లేక. నా కుండీలో ఆకు ఆకుకీ తెలుపు తగ్గిపోయింది. చివర వచ్చిన రెండు ఆకుల్లో వెతికినా లేదు. పక్కింటి ఇవాకిచి తాత వచ్చి చూసి, "ఏరా తొకుజో, వానలకి నీ చారలు కడుక్కుపోయాయా?" అన్నాడు. నాన్న, "నీ బుర్రలోవి పోయి ముప్పై ఏళ్ళయింది, ముందు అవి వెతుక్కో" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తాత వెళ్ళాక నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ పిలకని కొయ్యకుండా ఉంటే ఏమయ్యేదో, ఎక్కువ నీళ్ళు పోశానో, తక్కువ పోశానో. రోజూ అదే ఆలోచన. అడిగితే నాన్న, "నీ తప్పు కాదు, దాని మనసు" అంటాడు. నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు నీదొక్కటే. నీ దానికి ఒక పిలక వస్తే దాన్ని నా చేతిలో పెంచి, రెండు కుండీలు చేద్దామని నాన్న ఆశ. పెద్దలు ఈ ఏడు ఒప్పుకోకపోయినా చూడనైనా చూస్తారు. ఆయన ఇప్పుడు గంజి తప్ప తీసుకోవడం లేదు. జాగ్రత్తగా చూసుకో. నాలా చెయ్యకు.

నుయి

సెందాయ్
సెప్టెంబరు 10

అక్కా,

నీ దాని గురించి చదివి ఏడ్చాను. నా మీద కోపం పెట్టుకోకు.

నాన్నకి చెప్పు, ఇప్పుడు పూర్తిగా తెలుపు. తరవాత వచ్చిన ఆకులో ఆ దారమంత పచ్చ కూడా లేదు, పాతవాటిలో ఉన్నదీ వెలిసిపోయింది. కుండీలో మంచు మొలిచినట్టుంది. హాస్టలులో అందరూ వచ్చి చూసి వెళుతున్నారు. వార్డెనమ్మ కూడా వచ్చింది. "ఇంత అందమైనది మా హాస్టలులో ఎప్పుడూ లేదు" అని, నన్ను చూసి "మొక్క సంగతి అంటున్నా" అంది.

ఒక చిన్న సంగతి అడుగు. ఆకుల కొనలు టీ రంగులోకి తిరుగుతున్నాయి. చలి మొదలవుతోంది కదా, దానివల్లేనా? నెల రోజులుగా కొత్త ఆకు రాలేదు. కుండీ పట్టుకుంటే మొక్క కొంచెం కదులుతోంది. ఇదంతా మామూలే అయి ఉంటుంది. నాన్న మామూలే అంటే నాకు నిద్ర పడుతుంది.

మిసావో

మికావా
సెప్టెంబరు 14

మిసావో,

నీ ఉత్తరంలో పూర్తిగా తెలుపు అన్న చోటు చదవగానే నాన్న లేచి కూర్చున్నాడు. ఈ మధ్య ఆయన తనంతట తాను లేచింది లేదు. "పచ్చాకులేవి?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "బయటి వరసలో పచ్చవి ఉండాలి, అవేవి?" అన్నాడు. దిండు కింది ఉత్తరం తీసి చివరి దాకా చదివాను. నువ్వు కత్తెరతో తీసేశానన్న చోటికి వచ్చేసరికి చాప మీద అరచేత్తో కొట్టాడు. "కొయ్యమన్నది పిలకనే! ఆకుని కాదు!" అన్నాడు. ఆ సంగతి నువ్వు జూలైలోనే రాశావు. నేను అప్పుడే చదివాను. చదివి, బాగానే ఉందనుకున్నాను.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "తెల్లాకు తింటుంది, వండదు. వండేది పచ్చాకు. ఇది వండేవాళ్ళని బయటికి గెంటి, తినేవాళ్ళని వరసగా కూర్చోబెట్టింది. అలా తెల్లబడ్డదాన్ని మేం దెయ్యం అంటాం. అది ఇప్పుడు దుంపలో దాచుకున్నది తింటోంది. అదీ అయిపోతే దుంప కుళ్ళుతుంది. వెంటనే పైన తెల్లగా ఉన్నదంతా కోసెయ్యమను. మెత్తబడ్డ చోటల్లా కోసి, గట్టిగా ఉన్న దుంప మిగిలితే తడి నాచులో చుట్టి పంపమను. దుంపలో ఊపిరుంటే పక్క నుంచి పిలక తోస్తుంది. కాలం కాని కాలం. అయినా వేరే దారి లేదు."

రోజులు చూసుకోకు. ఇది చదివిన వెంటనే కోసెయ్యి.

నుయి

సెందాయ్
సెప్టెంబరు 20

అక్కా,

నేను కొయ్యను.

అది ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఒక్క ఆకు కూడా రాలలేదు. కొనలు మాడిన మాట నిజమే, మిగతాదంతా నిగనిగలాడుతోంది. దీన్ని నేను కత్తితో కొయ్యాలా? నిజంగా ఇది నాన్న మాటేనా? నీది పచ్చబడిపోయింది గనక నాది కూడా ఉండకూడదనా? కుళ్ళుగా ఉందని నువ్వే రాశావు.

కొంచెం బాగా చూసుకుంటే నవంబరు దాకా ఉంటుంది. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కుతాను. పేరు రాయకపోతే పోనీ. నాన్న కళ్ళతో ఒక్కసారి చూస్తే చాలు. ఇన్నాళ్ళు ఆయన దేనికోసం గంజి మింగాడు? ఒక కుళ్ళిన దుంప ముక్క కోసమా?

నువ్వు నాన్నకి ఇది చదవకు.

మిసావో

మికావా
సెప్టెంబరు 27

మిసావో,

నాన్నకి చదివాను. నువ్వు వద్దన్నది కూడా చదివాను. చదవకుండా దాచి, నా అంతట నేను బాగానే ఉందనుకున్నందుకే ఇంతదాకా వచ్చింది.

కుళ్ళు మాట అన్నావు. అను. పడతాను. ఒక ఏడాది నాతో మాట్లాడకు. కానీ అది కొయ్యి. బావ సెందాయ్ వచ్చి తానే కోస్తానంటున్నాడు. "రెండు రోజులు పనికి పోకపోతే ఇల్లు గడవదు, అయినా పోతాను" అని చెప్పులు వెతుక్కుంటున్నాడు. నాన్న వద్దన్నాడు. "మిసావో తన చేత్తో కొయ్యకపోతే జీవితమంతా నీ మీద పడి ఏడుస్తుంది" అన్నాడు.

డాక్టరు మొన్న వచ్చి వెళ్ళాడు. ఇప్పుడు గంజి కూడా లేదు, పెదవులు తడపడమే. కలం అడిగాడు. నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. కింద ఉన్నది ఆయన రాసింది. ఈ నాలుగు ముక్కలకి పూటంతా పట్టింది.

నుయి

మిసావో. నేను చూసేశాను. నువ్వు రాసిన దాంట్లో చూశాను. పొద్దుటి వెలుతురుతో సహా. ఇంక నాకు చూపించక్కర్లేదు. దాన్ని బతికించు. కోసెయ్యి.

సెందాయ్
అక్టోబరు 2

అక్కా,

కోశాను.

హత్సుయె కుండీ పట్టుకుంది. నేను మట్టి దులిపి చూశాను. వేళ్ళు చాలావరకు లేవు. ఉన్నవి పట్టుకుంటే చేతికి వచ్చేశాయి. పైన తెల్లదంతా ఒకే కోతతో తీసేశాను. కోసిన చోట దుంప గోధుమ రంగులో ఉంది. ఇంకొంచెం కోశాను, అదీ అంతే. ఇంకొంచెం. వాసన వచ్చింది. హత్సుయె, "మిసావో, ఇంకేం మిగలడం లేదే, ఆపవే" అంది. ఆపలేదు. చివరికి ఒక పక్కన గట్టిగా తగిలింది. బొటనవేలి గోరంత ఉంది. దానికి ఒక వేరు ఉంది.

నాచులో చుట్టి, టీ డబ్బాలో పెట్టి పంపుతున్నాను. తెల్లాకులు కిటికీ మీద ఉన్నాయి. వాటి గురించి రాయను.

నీ గురించి రాసినది వెనక్కి తీసుకుంటున్నాను. ఎలా తీసుకోవాలో తెలియడం లేదు.

నేను రానా?

మిసావో

మికావా
అక్టోబరు 6

మిసావో,

వచ్చెయ్యి. ఉత్తరం చేరేలోపు తంతి కూడా ఇస్తాం.

డబ్బా ఈ పొద్దున్న వచ్చింది. నాన్న చేతిలో పెట్టాను. గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "బతికే ఉంది" అన్నాడు. తరవాత అటూ ఇటూ తిప్పి, "ఏం కోతే ఇది, చలికాలం పచ్చడికి ముల్లంగి తరిగినట్టు తరిగింది" అన్నాడు. నవ్వాడు. నిజంగా నవ్వాడు.

బొగ్గుపొడి, జల్లించిన ఇసక తెప్పించాడు. నేను పెడతానన్నా వినలేదు. బావ వెనక నుంచి పట్టుకుని కూర్చోబెట్టాడు. కోసిన చోట బొగ్గు అద్ది, సగం ఇసకలో, సగం పైకి ఉండేట్టు తానే నాటాడు.

పేరైనా చెప్పు నాన్నా అని అడిగాను. ఆపుకోలేకపోయాను. "అనుకున్నది ఒకటుండేది. అది ఆ చారది. ఇప్పుడొచ్చేది ఏ మొహంతో వస్తుందో ఎవరికి తెలుసు? చూసినవాళ్ళు పెట్టుకోండి. మిసావోకి మాటలు బాగా వస్తాయి కదా" అన్నాడు. తరవాత నిద్రపోయాడు. ఇంకా లేవలేదు.

త్వరగా రా.

నుయి

మికావా
1958 జూన్ 11

మిసావో,

నాన్న కర్మలు ముగిశాక నువ్వు రైలెక్కినప్పటినుంచి మనం పొడి పొడిగానే రాసుకుంటున్నాం. ఈ ఉత్తరం కూడా రాయాలనిపించలేదు. రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఏప్రిల్లో ఇసకలోంచి చిన్న మొన తోసింది. నీకు చెప్పలేదు. విచ్చాక చెబుదామనుకున్నాను. ఇవాకిచి తాత రోజూ వచ్చి చూశాడు. ఎగతాళి చెయ్యడానికి ఎవరూ లేక ఊరికే కూర్చుని వెళ్ళేవాడు. మొన్న మొదటి ఆకు పూర్తిగా విచ్చింది. ఎండకి పట్టి చూశాం. వెనక్కి తిప్పి చూశాం. బావ భూతద్దం తెచ్చాడు.

పచ్చగా ఉంది. ఎక్కడా ఒక్క దారమంత తెలుపు లేదు. నా కుండీ ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది. ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఉండే ఒమోతో లాగే ఉంది. తాత చాలాసేపు చూసి, "దీన్ని తీసేసి దుంపని మళ్ళీ ఇసకలో పెట్టండి. ఇంకో పిలక వస్తే దానికి చార ఉండొచ్చు" అన్నాడు. అంత చిన్న దుంప ఇంకోసారి తోస్తుందా అని అడిగితే, తోస్తే తోస్తుంది, లేకపోతే లేదు అన్నాడు.

పచ్చది కోసెయ్యమన్నది నాన్నే. పచ్చాకు కోసినందుకు చాప మీద కొట్టినదీ నాన్నే. నేను కత్తి తీశాను, మళ్ళీ పెట్టేశాను. పొద్దున్నుంచి మూడుసార్లు. రెండు కుండీలూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. రెండూ ఒకేలా ఉన్నాయి, మిసావో. రెండిళ్ళలో పెరిగి అచ్చం ఒకేలా ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఏం చెయ్యమంటావు? పేరు కూడా నువ్వే పెట్టాలన్నాడు. నువ్వే చెప్పు.

నుయి

సెందాయ్
జూన్ 15

అక్కా,

పేరు పెట్టలేను. నిఘంటువు తిరగేస్తున్నాను. పచ్చకి కూడా చాలా మాటలు ఉన్నాయి, ఏదీ దానిది కాదు.

ఆకు పొడుగెంతో, ఏ పక్కకి వంగిందో, మట్టి ఎంత తడిగా ఉందో రాస్తూ ఉండు. అందంగా రాయక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. నేను వచ్చేదాకా తాతని కత్తి ముట్టుకోనివ్వకు.

కొయ్యకు. ఎప్పటికీ చార రాకపోయినా కొయ్యకు. నాన్న చేత్తో నాటిన ఆఖరిది అదే.

మిసావో